అక్పెనె మడి

పెద్ద వరద మా రేవు ఊళ్ళను ముంచి తీసిన రెండో ఏడు అది. వోల్టా నది మళ్ళీ తన గట్ల మధ్యకు ఒదిగి, తనకేమీ తెలియనట్టు పారుతున్న రోజులు. ఆ ఏడే నా మనవరాలు సెఫాకో, ఇంజనీరింగు చదువు ఆఖరి సంవత్సరంలో, ఏ రోబో చెయ్యాలో ఎంచుకోవలసి వచ్చింది. ఆ ఎంపిక కోసం నేను యూనివర్సిటీ వరండాలో ఒక బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. వాళ్ళ మేడమ్ పెట్టిన నియమం అలాంటిది. యంత్రం ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషిని వెంటబెట్టుకుని రావాలి, ఆ మనిషి తన నోటితో నాకిది కావాలి అని చెప్పాలి, అప్పుడే ఆ ప్రాజెక్టుకు ఆవిడ ఒప్పుకుంటుంది. సెఫాకో నన్ను తెచ్చింది. నోరు లేని మనిషిని సాక్ష్యానికి తెచ్చుకున్నావే పిల్లా అని లోపల అనుకున్నాను. పైకి అనలేదు. పైకి అనకపోవడం నాకు కొత్త కాదు.

తలుపు మూసి ఉంది. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. కిటికీలోంచి కరిగిన తగరం వాసన వస్తోంది, గుల్లలు కాల్చి సున్నం చేసేటప్పుడు వచ్చే వాసనలాంటిదే గాని అందులో ఏటి నీచు లేదు. గచ్చు చల్లగా ఉంది, చెప్పులు విప్పి పాదాలు ఆనించాను, ఏటి అడుగు ఇలాగే ఉంటుందని నా భార్య అక్పెనె చెప్పేది, పైన ఎండ ఎంత కాసినా అడుగు చల్లగా ఉంటుందని, కొన్నిచోట్ల పసిపిల్ల పొట్టలా మెత్తగా చేతికి తగులుతుందని. నేను ఆ అడుగు ఎన్నడూ తాకలేదు. నేను పడవలో ఉండేవాణ్ణి. నా ఎదురుగా గచ్చు మీద నల్ల పట్టీ వంకరటింకరగా అతికించారు, దాని మీద చెప్పుల పెట్టె అంత బండి ఒకటి తనంతట తను పోతోంది, పట్టీ వంగినచోట వంగుతోంది, పట్టీ చిరిగిపోయినచోట ఆగి, వణుకుతూ, ముక్కు కుడికీ ఎడమకీ తిప్పుతోంది. ఎవరో పిల్లవాడు వచ్చి దాన్ని ఎత్తి మళ్ళీ మొదట్లో పెట్టి వెళ్ళాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగి వణికింది.

నా పక్కన కెంకీ అమ్ముకునే ఆవిడ కూర్చుని ఉంది. మొక్కజొన్న పిండి ముద్దలకు పొత్తి ఆకులు చుట్టే యంత్రం చేస్తామని ఎవరో పిల్లలు బతిమాలి తెచ్చారట. మా భాషే, సముద్రపు ఒడ్డు యాస.

"ఏమయ్యా పెద్దాయనా, నిన్నెవరు పట్టుకొచ్చారు?"

నేను బండినే చూస్తున్నాను.

"నిన్నేనయ్యా. నోట్లో కెంకీ ముద్ద ఉందా ఏంటి? ఉన్నా నాది కాదులే. నాదైతే ఈపాటికి నమిలి రెండోది అడిగేవాడివి."

"మనవరాలు," అన్నాను.

"హమ్మయ్య, మాటొచ్చింది! ఎవరూ, ఆ పొడుగు పిల్లేనా? నీళ్ళ కిందికి పోయే యంత్రం అంటోంది, ఆ పిల్లేనా? అయితే ఏట్లో ఏదో పోగొట్టుకున్న ముసలాయనవి నువ్వేనన్నమాట."

ఏట్లో ఏదో పోగొట్టుకున్న ముసలాయన. ఆ మాట బురదలో గెడ దిగబడినట్టు నాలో దిగబడి అక్కడే ఆగింది. పోగొట్టుకోలేదు. అది అక్కడే ఉంది, నది అడుగున, మా అక్పెనె మడి. వాళ్ళమ్మ ఇచ్చింది, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. మా వైపు నేల మీది మడి మగవాడిది, నీళ్ళ అడుగు మడి ఆడదానిది. పిల్ల గుల్లలను ఏరి తెచ్చి ఎవరి మడిలో వాళ్ళు నాటుకుంటారు, అవి లావెక్కేదాకా ఆగి, మునిగి తీసి వండుకుంటారు, అమ్ముకుంటారు. పైన గీత లేదు, గట్టు లేదు, చూస్తే అంతా నీళ్ళే. మడి ఎక్కడుందో ఆ ఇంటి ఆడదానికి గట్టు మీది గుర్తులతో తెలుస్తుంది. ఆ ఒడ్డున ఫలానా చెట్టు ఫలానా ఇంటి మూలకు సరిగ్గా రావాలి, ఈ ఒడ్డున ఫలానా రాయి ఫలానా దాని వెనక దాక్కోవాలి, ఆ రెండు చూపులూ కలిసినచోట మునిగితే చేతికి మడి తగులుతుంది. ఆ గుర్తులు తల్లి కూతురి చెవిలో చెబుతుంది. మగవాడికి చెప్పరు, తాగి వాగుతాడని. అందుకని పడవ తోసే మగడు మడి దగ్గర పడేసరికి ఆమెకు వీపు పెట్టి, దిగువకు మొహం తిప్పుకుని, ఆమె నోటి మాటను బట్టి గెడ వెయ్యాలి. కొంచెం కుడికి. ఇంకొంచెం. అయ్యో, ఎక్కువైంది. చాలు. తిరగకు. 'తిరిగావంటే ఆ గెడతోనే నీకు ఒకటి ఇస్తా' అనేది అక్పెనె, పెళ్ళయిన కొత్తలో అదే మాట, పళ్ళు ఊడినాక అదే మాట. నేను తాగేవాణ్ణి కాను, వాగడం సంగతి అడగక్కర్లేదు, నాకంటే ఏటిరాయి ఎక్కువ మాట్లాడుతుందని ఊరందరికీ తెలుసు, అయినా తిరగలేదు. మర్యాద మర్యాదే. అలా ఒక కాపురం పొడుగునా నేను దిగువ నీళ్ళనే చూశాను. ఆమె చూపు నా భుజం మీదుగా పోయేది, అది నా వీపుకు తెలిసేది, నాకు తెలిసేది కాదు. తరవాత చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారేది. పడవ తేలికయ్యేది. అప్పుడు తిరగవచ్చు, కాని అప్పుడు చూడటానికి అక్కడ ఏముంది, నాలుగు బుడగలు. ఆమెతోపాటు నేనూ ఊపిరి పట్టేవాణ్ణి. ప్రతిసారీ నేనే ముందు ఓడిపోయేవాణ్ణి. ఓడిపోయి, గాలి పీల్చుకుని, సిగ్గుపడుతూ కూర్చుంటే అప్పుడు తల పైకి వచ్చేది, ఈల కాదు దగ్గు కాదు, ఆ రెండిటి మధ్య ఒక చప్పుడుతో ఊపిరి వదిలేది. ఆ చప్పుడు మా రేవులో ఒక్కో ఆడదానికి ఒక్కో రకం. పొగమంచులో పది పడవలున్నా నేను చెప్పేవాణ్ణి, ఇది మా ఇంటిది అని.

మెట్ల మీద అడుగుల చప్పుడు. సెఫాకో, ఆమె జతగాడు ఓపోకు ఒక ప్లాస్టిక్ బకెట్టు చెరోవైపు పట్టుకుని వచ్చారు. బకెట్టుకు రెండు వైపులా చిన్న పంకాలు, కింద దీపం, దీపం పక్కన గుడ్డు పచ్చసొనంత కెమెరా, పైన మోకు. ఓపోకు కుమాసీ వైపు కుర్రవాడు, ఏరు ఎరగడు. వచ్చీరాని మా భాషలో నాతో వేళాకోళాలాడతాడు.

"తాతగారూ, లోపల ఒక్క మాట మార్చి చెప్పి నన్ను బతికించండి. ఇది డ్రమ్ములో దింపితేనే ముణిగి కూర్చుంది. ఏట్లో కూర్చుందనుకోండి, తెమ్మని మీ మనవరాలు నన్ను తోసేస్తుంది. నాకు స్నానం చేసేటప్పుడే భయం."

"నువ్వు స్నానం చేస్తావా?" అంది సెఫాకో.

"చూశారా! ఈవిడతో నాలుగేళ్ళు. ఆ గరీ చెయ్యే బాగుండేది తాతగారూ. సగం అయిపోయింది కూడా. ఉన్నట్టుండి ఎందుకు మూల పడేసిందో ఆ దేవుడికే తెలియాలి."

సెఫాకో మోకు చుట్టడం మొదలుపెట్టింది, చుట్టిన మోకునే మళ్ళీ చుట్టింది. దేవుడికే కాదు, నాకూ తెలుసు. ఆ పిల్ల చదువులో చేరిన ఏడాదే పాత క్యాలెండరు వెనక ఒక బొమ్మ గీసింది. పొయ్యి, పొయ్యి మీద వెడల్పు పెనం, పెనం మీద వంగిన ఒక ఇనుప చెయ్యి. వాళ్ళమ్మ, నా కోడలు, గరీ వేయించి అమ్ముతుంది. కర్రపెండలం తురిమి, పిండి, పెనం మీద వేసి పొద్దుటినుంచి పొద్దు వాలేదాకా సొరబుర్ర చిప్పతో అటూ ఇటూ తోస్తూనే ఉండాలి, ఆపితే ఉండ కడుతుంది. రాత్రయ్యేసరికి కుడి చెయ్యి భుజం పైకి లేవదు, అన్నం ఎడం చేత్తో తినలేక పస్తు పడుకున్న రోజులున్నాయి. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఆ బొమ్మ పట్టుకుని పిల్ల ఎక్కడెక్కడో తిరిగి, తుక్కుకిందికి పోయిన వ్యానులోంచి అద్దం తుడిచే మోటారు ఒకటి సంపాదించింది. సెలవుల్లో వచ్చినప్పుడల్లా దాన్ని పెనం పక్కన బిగించి చూసేది, అది గరీని పెనంలో కాకుండా వాళ్ళమ్మ మొహాన చల్లేది, 'నా చెయ్యి పడిపోయాక దీన్ని తగిలించుకుంటానులేవే' అని కోడలు నవ్వేది, గుమ్మంలో అక్పెనె పొట్ట పట్టుకుని నవ్వేది. పోయిన సెలవుల్లో కాదు, అటు ముందు సెలవుల్లో, వరద పోయి, అక్పెనె పోయి, మేము మళ్ళీ ఇంటికి చేరి గోడల మీద నీటి చార కడుక్కుంటున్న రోజుల్లో, నేను ఒడ్డున వల చిక్కు తీస్తూ కూర్చున్నాను, పిల్ల పక్కన కూర్చుని తన చదువు సంగతులేవో చెబుతోంది. ఆ మధ్యలో నేను అన్నాను, నీళ్ళ అడుగు కూడా చూస్తాయా, మీ యంత్రాలు? అంతే. అంతకంటే అనలేదు. పిల్ల మాట్లాడటం ఆపేసి నా వంక చూసింది. పుట్టినప్పటినుంచి దాన్ని తిన్నావా అని తప్ప నేను ఏమీ అడిగి ఎరగను. ఎక్కువ మాట్లాడేవాడి మాట గాలి, నాబోటివాడి మాట లంగరు. వేశాక పడవ కదలదు. మళ్ళీ వచ్చినప్పుడు మోటారు తేలేదు. బకెట్టు తెచ్చింది.

"తాతా," అంది సెఫాకో నా ముందు గొంతుక్కూర్చుని, "ఎక్కువ చెప్పక్కర్లేదు. మామ్మ మడి చూడాలనుంది అను, చాలు. ఎక్కడ దించాలో నువ్వు చూపిస్తావుగా."

నేను తల ఊపాను. ఆ పిల్ల కళ్ళు అక్పెనె కళ్ళు. అవి అడిగితే నేను ఎప్పుడూ తలే ఊపాను. వాళ్ళిద్దరూ బకెట్టుతో వరండా చివరికి వెళ్ళారు. నా పక్కన కెంకీ ఆవిడను లోపలికి పిలిచారు, తలగుడ్డ సర్దుకుంటూ వెళ్ళింది. బల్ల మీద నేను ఒక్కణ్ణే మిగిలాను. ఎక్కడ దించాలో నేను చూపిస్తాను. ఏం చూపిస్తాను? తెల్లారకముందే పడవ వేసుకుని ఎన్ని రోజులు వెళ్ళాను, గెడ దింపి కొన చెవిదగ్గర పెట్టుకున్నట్టు విన్నాను, గుల్లల మీద పడితే గెడ నమిలినట్టు చప్పుడు చేస్తుంది, ఇసుక మీద పడితే నిద్రలో నిట్టూర్చినట్టు. చాలాచోట్ల నమిలింది. ఎవరి గుల్లలో. చచ్చినవాటి చిప్పలో, బతికినవో. దిగువకు తిరిగి కూర్చుంటే వీపుకు గుర్తొస్తుందేమోనని తిరిగి కూర్చున్నాను, కళ్ళు మూసుకున్నాను, కొంచెం కుడికి, ఇంకొంచెం, అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పట్లో ఆ చోట ఎడమ చెవికి పిండిమర చప్పుడు వినిపించేది, ఇప్పుడు మర లేదు, వరద పట్టుకుపోయింది. అక్కడ పడవ కింద నీరు కొద్దిగా గుంజేది, ఇప్పుడు ఏరు అన్నిచోట్లా గుంజుతోంది, అడుగంతా మారిపోయింది. ఆ చెట్టు ఏ చెట్టో, ఆ ఇల్లు ఎవరి ఇల్లో, అవి ఉన్నాయో కూలిపోయాయో కూడా తెలియదు, కూలినదాన్ని చూసి ఇదా అది అని ఏడవటానికైనా లేదు.

గుర్తులు అక్పెనె చెప్పేదే. చెప్పాలనే చూసింది. వరదకు మమ్మల్ని ఎత్తైన ఊళ్ళో బడికి చేర్చారు, బడి బల్లలు రెండు కలిపి ఆమెను పడుకోబెట్టాను, పిల్లలు మేకులతో పేర్లు చెక్కుకున్న బల్లలు. జ్వరం. అందరికీ వచ్చింది, అందరికీ తగ్గింది. బయట మా చేలు, మా వీధి, మా మేకలు అన్నీ ఒకే రంగు నీళ్ళు. ఆమె దేని గురించీ అడగలేదు, మడి గురించి అడిగింది. వరదకు వారం ముందే పిల్ల గుల్లలు నాటింది. ఎంత ఇసుక పడి ఉంటుందంటావు, అంది. ఊపిరాడకపోతే అవి పైకి పాక్కుంటూ వస్తాయి, అంది, నోరు తెరిచి ఎదురుచూస్తాయి, అంది. తరవాత, పిల్ల వచ్చిందా? రోడ్డు తెగింది, వస్తుంది. పిల్ల వచ్చిందా? పరీక్ష అయిపోగానే వస్తుంది. కూతుళ్ళు లేరు ఆమెకు, కోడలు మైదానపు మనిషి, ఏరంటే బెదురు, ఆ చెవి మనవరాలిదే కావాలి. నాకు చెప్పు, దానికి నేను చెబుతాను, అని నేను అనలేదు. అని ఉంటే పిల్ల వేళకు అందుకోదని నేను ఒప్పుకున్నట్టే, ఆమె వెళ్ళిపోతోందని నేనే చెప్పినట్టే. ఆమె కూడా నీకు చెబుతాను అనలేదు. నా వంక చాలాసేపు చూసింది. ఒక మాట పెదవి దాకా వచ్చింది, నాకు కనిపించింది. చివరికి, 'నువ్వెప్పుడూ తిరగలేదు కదా,' అంది. అడిగినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టు అంది, అంతే. లేదన్నాను. 'ఒక్కసారైనా?' నవ్వింది. లేదన్నాను. 'పిచ్చివాడా,' అంది.

తలుపు తెరుచుకుని కెంకీ ఆవిడ బయటకు వచ్చింది. ఆవిడ వెనక ఒక కుర్రాడు తల పట్టుకుని నడుస్తున్నాడు. ఆవిడ వెళ్ళలేదు, వచ్చి నా పక్కన మళ్ళీ కూలబడింది.

"నీకేం కావాలమ్మా అని అడిగిందయ్యా ఆ మేడమ్. నేను సిద్ధంగానే వెళ్ళాను, యంత్రం కావాలి, ఆకులు చుట్టే యంత్రం కావాలి అని ఈ సన్నాసి నాకు బట్టీ పట్టించాడు. ఆవిడ అలా అడిగేసరికి నాకు నోరు పడిపోయింది. నాకు! ఇన్నేళ్ళలో నన్ను ఒక్కడు అడిగాడా నీకేం కావాలి అని? కెంకీ ఎన్ని ఇస్తావనేగా అడుగుతారు. చివరికి కుర్చీ కావాలన్నాను. వీపు ఆనుకునే కుర్చీ."

"కుర్చీ రోబో కాదు అత్తా!" అన్నాడు కుర్రాడు ఏడుపు గొంతుతో.

"చక్రాలు పెట్టుకోరా, రోబో అవుతుంది. నీకు మార్కులు, నాకు నడుము."

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది గాని ఆ ప్రశ్న బల్ల మీద నా పక్కనే వదిలేసి వెళ్ళింది. నీకేం కావాలి. నాకు ఆ చప్పుడు కావాలి, ఈలా దగ్గూ కాని ఆ చప్పుడు, ఒక్కసారి, పొగమంచులో, మనిషి కనబడకపోయినా ఫరవాలేదు. నాకు కొంచెం కుడికి అన్న గొంతు వెనకనుంచి కావాలి. తడిగుడ్డ పిండితే నా వీపు మీద పడే నాలుగు చుక్కలు కావాలి, ఆమె కావాలనే నామీద పిండేది. నాకు ఇసుక కింద నోరు తెరిచి ఎదురుచూస్తున్నవి బతికి ఉన్నాయో లేదో తెలియడం కావాలి, బతికి ఉంటే ఇప్పటికి లావెక్కి ఉంటాయి, ఆమె చేత్తో పెట్టినవి, ఆమె వేలు తాకినవి ఈ లోకంలో ఇంకా పెరుగుతూ ఉన్నది అవొక్కటే, మిగతావన్నీ, గుడ్డలు, కుండలు, పీట, పెట్టినచోట పెట్టినట్టే ఉండి పాతబడుతున్నాయి. ఒక దీపం అక్కడికి దిగితే, ఆ బురద నీళ్ళలో మసగ్గా ఒక చిప్ప అంచు కనిపిస్తే, అది తెరుచుకుని మూసుకుంటే. అంతే కావాలి. అంతే కావాలి గాని ఎక్కడ? రేపు బకెట్టు పడవలో పెట్టి పిల్ల నా మొహం వంక చూస్తుంది, ఎక్కడ తాతా అంటుంది, నేను ఏదో ఒకచోట గెడ ఆపుతాను, ఇక్కడే అంటాను. ఎవరిదో మడి మీద, లేకపోతే ఉత్త ఇసుక మీద. పిల్ల మోకు వదులుతుంది. మరునాడు ఇంకొకచోట. ఏడాది అంతా పిల్ల నా వెనక నిలబడి అడుగుతూనే ఉంటుంది, నేను ఎటో చూస్తూ కూర్చుంటాను. అద్దం తుడిచే మోటారు ఏ మూలనో తుప్పు పడుతుంది. ఇప్పుడు, ఈ గడియలో, మా వాకిట్లో కోడలు చెయ్యి అటూ ఇటూ పోతూ ఉంటుంది. అక్కడ పొగ కొబ్బరిమట్ట మీదుగా ఏటివైపు పోతుంది. నేను ఎప్పుడూ ఆ పొగను దూరంనుంచి చూసి, ఇల్లు అదిగో అనుకుని పడవ తిప్పేవాణ్ణి. పొగ కింద మనిషి ఉందని అనుకోలేదు.

నన్ను పిలిచారు.

గదిలో బల్లకు అవతల మేడమ్ ఒక్కతే. మేడమ్ అమెటెపె, సముద్రం ఒడ్డున కేటా ఊరి మనిషి, మా భాషే, జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు తాడుకు వేలాడుతున్నాయి. బకెట్టు బల్ల మీద పెట్టారు. సెఫాకో ఒక పక్క, ఓపోకు ఒక పక్క. ఆవిడ లేచి నాకు కుర్చీ జరిపింది. మా పద్ధతిలో ఊరి కుశలం, ఇంటి కుశలం, ఏటి కుశలం అడిగింది, నేను అన్నిటికీ బాగేనన్నాను. తరవాత ఆవిడ అడిగింది, "పెద్దాయనా, మీకు ఏం కావాలి?"

"చెప్పు తాతా," అంది సెఫాకో మెల్లగా.

నీళ్ళలో మునిగినట్టుంది నాకు. ఊపిరి పట్టాను. ఎంతసేపు పట్టగలనో అంతసేపు పట్టాను.

"నా భార్య మడి ఎక్కడుందో నాకు తెలియదు," అన్నాను.

సెఫాకో చెయ్యి బకెట్టు మీద ఆగిపోయింది.

"తెలుసన్నట్టు తల ఊపాను. తెలియదు. ఏ మగవాడికీ తెలియదు. తెలిసినావిడ పోయింది. అమ్మా, ఈ యంత్రాన్ని ఎక్కడ దించమంటాను?" మేడమ్ నీళ్ళ ప్యాకెట్టు కొరికి నా చేతికిచ్చింది, తాగాను. "ఈ పిల్ల తల్లి గరీ వేయిస్తుంది. రాత్రికి చెయ్యి లేవదు. ఆ చెయ్యి కోసం ఇది చదువులో చేరినప్పటినుంచి ఒకటి చేస్తోంది. నేను ఒక మాట అన్నానని ఆపేసింది. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. నాకు కావలసింది అదే."

"అమ్మో," అన్నాడు ఓపోకు, "ఈయనలో ఇన్ని మాటలున్నాయా."

మేడమ్ నవ్వలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని సెఫాకో వంక చూసింది, పిల్ల తలెత్తలేదు. "అయితే ఈ పెద్దాయన వాడే మనిషి కాడు," అంది ఆవిడ. "మీ అమ్మను తీసుకురా. ఆవిడ నోటితో వినాలి. రేపు పొద్దు కూకేదాకా చూస్తాను, ఆపైన నేను చేసేదేమీ లేదు."

బయట వేపచెట్టు కింద సెఫాకో నాకు దూరంగా నిలబడింది. కోపం వస్తే అక్పెనె కూడా అలాగే ఒక కాలి మీద బరువు వేసి నిలబడేది.

"నీ కోసమే కదా తాతా పెట్టుకున్నాను."

"తెలుసు."

"నీ ఒక్కడి కోసమే కాదు." బెరడు గోటితో గీకుతోంది. "నేను రాలేదు. పరీక్ష రాసి వెళ్దామనుకున్నాను, రెండు రోజులేగా అనుకున్నాను. నా చెవిలో చెప్పాల్సింది ఆవిడ. ఆ అడుగు ఒక్కసారి చూస్తే... ఇదుగో మామ్మా, వచ్చాను అని చెప్పినట్టుంటుందనుకున్నాను."

నాకు తెలియదు ఆ సంగతి. బెంగ అంతా నా ఒక్కడి పడవలోనే ఉందనుకున్నాను. దగ్గరకు వెళ్ళాను, ఏం చెయ్యాలో తెలియక దాని తల మీద చెయ్యి పెట్టాను, చిన్నప్పుడు కూడా పెట్టలేదనుకుంటాను, జడలు గట్టిగా, ఎండకు వేడెక్కి ఉన్నాయి.

"యంత్రం అడుగు చూపిస్తుందేమో," అన్నాను. "గుర్తులు చెప్పదు."

పిల్ల ఏడ్చింది. నేను చెయ్యి తియ్యలేదు. వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు, ఆఖరి వ్యాను. ఓపోకు బకెట్టు మోసుకుంటూ వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి పోవాలో ముందుకు రావాలో తెలియక అక్కడే ఆగాడు. "మరి దీన్ని నేను స్నానానికి వాడుకోనా?" అన్నాడు చివరికి. సెఫాకో ఏడుస్తూనే మోకు విసిరి కొట్టింది వాణ్ణి.

దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చున్నాను, నా పక్కన సెఫాకో. వంతెన దగ్గర ఏరు కనిపించింది, పొద్దు గుంకుతోంది, వెడల్పుగా, ఎర్రగా, మీద ఒక్క గీత లేదు.

మరునాడు పొద్దున్నే కోడలు పండగకు కట్టే గుడ్డ కట్టుకుని కూడా గుమ్మం దిగదు.

"మామయ్యా, వేళాకోళం కాకపోతే నేను వెళ్ళి అక్కడ ఏం చెబుతాను? తురుము నిన్ననే పిండి పెట్టాను. ఇవాళ వేయించకపోతే పులిసి చస్తుంది."

"నేను వేయిస్తాను."

"మీరా!" నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. "ముసలి మామని పొయ్యి ముందు కూర్చోబెట్టి తను పట్నం ఊరేగింది అని నా మొహాన ఉమ్మేస్తారు."

"పో."

సెఫాకో వెంట వ్యాను ఎక్కేదాకా వెనక్కి తిరిగి అరుస్తూనే ఉంది, మంట పెద్దది చెయ్యొద్దు, చెయ్యి ఆపొద్దు, ఆపితే ఉండ కడుతుంది. నేను పొయ్యిలో కొబ్బరి డొక్కలు వేసి, ఆమె పీట మీద కూర్చుని, పెనం మీద తురుము పోసి, చిప్పతో తోయడం మొదలుపెట్టాను. రేవుకు పోతున్న ఆడవాళ్ళు బుట్టలు దించి మరీ నిలబడ్డారు. "ఇదేం చోద్యమే! అక్పెనె ఉంటే చూసి దొర్లి దొర్లి నవ్వేది," అంది ఒకామె. నవ్వేదే. మొదటి వాయి మాడింది. మేకలకు పోసి, పెనం తుడిచి, రెండో వాయి వేశాను.